మూడో మెట్టు

ఆ ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్నాయి. గాలి తగిలేవైపుది ఆయనది. దిండు వేసి ఉన్నది అత్తగారిది. పుస్తకాల సంచీ వేలాడుతున్నది కూతురిది. నాలుగోది ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు, అప్పటికి వేరే చోటు దొరక్క, తనే ఉతికిన బట్టలు తెచ్చి అందులో పడేసింది. ఆ ఒక్కరోజుకి ఇప్పుడు పదహారేళ్ళు. బట్టలు మారాయి, సైజులు మారాయి, కూతురి గౌన్లు పోయి యూనిఫారాలు వచ్చాయి, కుర్చీ మాత్రం ఏనాడూ ఖాళీ కాలేదు. ఆమె నిలబడి తింటుంది, లేదా వంటగట్టుకి ఆనుకుని తింటుంది, లేదా తిన్నాననుకుని ఊరుకుంటుంది.

ఆ గురువారం పొద్దున బట్టల గుట్ట మీద ఒక కాగితం కనిపించింది. నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంది.

"నీకెందుకు శ్రమ అని నేనే టైపు చేయించాను," అన్నాడు ఆయన మేజోళ్ళు వేసుకుంటూ. "రేపటిలోగా సంతకం పెట్టి ఇచ్చేసెయ్. నెల ముందు చెప్పాలిగా. వచ్చే నెలాఖరుకి అమ్మ మోకాలి ఆపరేషన్. బలవంతమేం లేదు, ఆలోచించుకో. రేపటిలోగా."

ఆయన కేకలు వేసే మనిషి కాదు. కేకలు వేసే మొగుడైతే ఎదురు తిరగడానికి ఏదో ఒక సందు దొరుకుతుంది. ఈయన ఏదడిగినా మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అడుగుతాడు. మంచినీళ్ళు అడిగిన మనిషిని కాదని ఎలా అంటాం? ఆమె ఒక చేత్తో ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని చదివింది. 'కుటుంబ బాధ్యతల దృష్ట్యా నా ఉద్యోగానికి ఇష్టపూర్వకంగా రాజీనామా చేస్తున్నాను.' ఇష్టపూర్వకంగా అన్నచోట చెయ్యి ఆగిపోయింది. తన ఇష్టాన్ని కూడా ఆయనే టైపు చేయించుకొచ్చాడన్నమాట. ఇస్త్రీపెట్టె కింద చొక్కా కాలరు పసుపెక్కి, మాడిన వాసన వస్తే గానీ ఆమె ఈ లోకంలోకి రాలేదు.

"ఎలాగూ నీది మందులిచ్చే ఉద్యోగం కాదుగా," అన్నాడాయన మెత్తగా, వేరే చొక్కా తీసుకుంటూ.

నిజమే, మందులిచ్చే ఉద్యోగం కాదు. ఆస్పత్రి రెండో అంతస్తులో, ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసిన గదిని కడిగించి, నీలంరంగు తెరలు కట్టించి, పన్నెండు చాపలు పరిపించుకుని తొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్న పని మాట్లాడటం. రక్తపోటు దిగనివాళ్ళు, రాత్రిళ్ళు నిద్రపట్టనివాళ్ళు, ఒంట్లో ఏ జబ్బూ లేకపోయినా గుండె దడదడలాడేవాళ్ళు, డాక్టర్లు చీటీ రాసి పంపితే మెట్లెక్కి ఆమె దగ్గరికి వస్తారు. ఆమె వాళ్ళని పడుకోబెట్టి, ఊపిరి ఎలా పీల్చాలో, ఎలా వదలాలో, కాలివేళ్ళ దగ్గర మొదలుపెట్టి నుదుటిదాకా ఒక్కో చోట బిగువు ఎలా సడలించాలో చెబుతుంది. పీల్చేటప్పుడు నాలుగు లెక్కపెట్టాలి, వదిలేటప్పుడు ఆరు. వాళ్ళంతా ఆమెని ఊపిరి మేడమ్ అంటారు. అత్తగారు మాత్రం, "జనాన్ని పడుకోబెట్టి కబుర్లు చెప్తే జీతమిస్తారట! మా కాలంలో ఎంతమందిని జోకొట్టి నిద్రపుచ్చాం, ఎవరిచ్చారమ్మా మాకు జీతం?" అంటుంది. ఆవిడ వెక్కిరింతకే అంటుంది గానీ, ఆ మాటలో ఎంత నిజముందో ఆవిడకి తెలియదు. ఆమెకి తెలుసు. చెప్పాలని చాలాసార్లు అనుకుంది. చెప్పేలోపు ఎవరో ఒకరు టవల్ అడుగుతారు.

టవల్ ఒక్కటేనా! సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి రాగానే సోఫాలో వాలి "మొదలుపెట్టు" అంటాడు. అత్తగారు పక్కన వాలుకుర్చీలో కాళ్ళు చాపుకుని సిద్ధంగా ఉంటుంది. "ఊళ్ళో వాళ్ళందరికీ టెన్షన్ తగ్గిస్తావు, కట్టుకున్నవాడికి తగ్గించలేవా?" అని ఆయన ఒకప్పుడు నవ్వుతూ అన్న మాట అలా రోజువారీ పనుల్లో చేరిపోయింది. ఆమె వంటింట్లోంచే గొంతు పెంచి చెబుతుంది. 'మీ భుజాల మీది బరువంతా దిగిపోతోంది' అంటూ పొయ్యి మీది గిన్నె దించుతుంది. 'మీ చేతులకి ఇప్పుడు ఏ పనీ లేదు' అంటూ రెండు చేతులా అంట్లు తోముతుంది. మధ్యలో కుక్కర్ కూత వేస్తే, "అబ్బా, అది ఆపి చెప్పవోయ్, మూడ్ పోతోంది," అంటాడాయన కళ్ళు మూసుకునే.

అంత చక్కగా ఎదుటివాళ్ళని నడిపించే మనిషి, తను మాత్రం ఒక్కసారీ చేరలేదు. ఇది ఆమె ఎవరికీ చెప్పని రహస్యం. ఒళ్ళంతా సడలించాక చివర్లో మెట్లు ఉంటాయి. 'మీ ముందు పది మెట్లున్నాయి, కిందకి దిగుతున్నారు, అడుగున ఒక తలుపుంది, దాని వెనక మీకు ఇష్టమైన చోటుంది, అక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు' అని చెబుతుంది. అందరూ వెళ్ళిపోతారు. ఒకరు ఏటి ఒడ్డుకి, ఒకరు చిన్నప్పటి పెరట్లోకి. ఆమె కూడా అప్పుడప్పుడు వాళ్ళతోపాటు కళ్ళు మూసుకుని ఆ తలుపు తీసి చూసింది. ప్రతిసారీ ఎదురుగా వంటింటి తొట్టి, తొట్టి నిండా అంట్లు. ఇలా కాదని ఒకసారి పంతంపట్టి సముద్రాన్ని తెచ్చుకుంది. తెచ్చుకుందే గానీ, ఆ ఒడ్డున కూడా ఎవరివో తడి తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి, వాన పడేలా ఉంది, ఎవరు తీస్తారు మరి?

ఆ గురువారం రాజీనామా కాగితం సంచీలో వేసుకుని బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది గానీ రెండు స్టాపులయ్యాక ఒక ముసలాయన ఎక్కాడు. లేచింది. లేవడం ఆమెకి అలవాటు, అందుకని పెద్దగా ఏమీ అనిపించలేదు. నిలబడి కడ్డీ పట్టుకుని, రేపు ఈ పాటికి అయిపోతుంది అనుకుంది. పోనీలే, అత్తయ్యకి నిజంగానే మనిషి కావాలిగా. పోనీలే అన్న మాట పదహారేళ్ళుగా ఆమెకి బాగా ఉపయోగపడింది. దేనికైనా సరిపోతుంది, ఎంత పెద్ద దాన్నయినా మూసేస్తుంది. కానీ ఆ నీలం తెరల గదిని మూయడానికి అది ఎందుకో చాలలేదు. ఆ గదిలో తన గొంతు తనకే కొత్తగా వినిపించేది. ఇంట్లో ఆ గొంతు 'వస్తున్నా', 'తెస్తున్నా', 'అయిపోయింది' అన్న మూడు మాటలతోనే గడిపేస్తుంది. అక్కడ అదే గొంతుని పదకొండు మంది కళ్ళు మూసుకుని మరీ వింటారు. అది పోతే తను మళ్ళీ ఆ మూడు మాటలే. ఆమెకి ఏడుపొచ్చింది. బస్సులో ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నం మూడింటి క్లాసుకి పదకొండు మందీ వచ్చారు. నర్సు వరసగా అందరికీ బీపీ చూసి కాగితం మీద రాసుకుని వెళ్ళింది. ముందు వరసలో టైలరమ్మ. ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషన్ ముందు వంగి వంగి, మెడ నుంచి మొదలై తలంతా పాకే నొప్పి తెచ్చుకున్న మనిషి. ఆ పక్క చాప లెక్కల మాస్టారిది. రిటైరయ్యాక తిట్టడానికి పిల్లలు లేక కోపమంతా రక్తపోటుగా మారిందని పెద్ద డాక్టరుగారు నవ్వుతూ పంపించారు. ఆయన పదిహేను నిమిషాలు కదలకుండా పడుకున్న పాపాన పోలేదు. పదో నిమిషానికల్లా ఒక కన్ను తెరిచి గడియారం చూస్తాడు.

పోయిన వారం ఆమె అందరికీ ఒక చీటీ ఇచ్చింది. ఏదైనా పని మీదపడి ఊపిరాడనప్పుడు తీసి చదువుకోవాలి. దాని మీద మూడే ప్రశ్నలు. ఇది ఇప్పుడే చెయ్యాలా? నేనే చెయ్యాలా? చెయ్యకపోతే ఏమవుతుంది?

"మా అబ్బాయి చొక్కా తెచ్చి బొత్తాం కుట్టమన్నాడు మేడమ్," అంది టైలరమ్మ చాప మీద సర్దుకుంటూ. "ఊరందరి బొత్తాలూ కుట్టేదాన్ని, ఇది ఓ లెక్కా అని సూది తీశాను. అప్పుడు చీటీ గుర్తొచ్చింది. సరే, కుట్టకపోతే ఏమవుతుందో చూద్దామని ఊరుకున్నా. వాడే కుట్టుకున్నాడు. వంకరగా కుట్టుకున్నాడనుకోండి. ఆ వంకర బొత్తాంతోనే ఆఫీసుకెళ్ళాడు. ఆకాశం ఊడిపడలేదు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"మరి మీరెప్పుడైనా చదువుకున్నారా మేడమ్ ఆ చీటీ?" అంది టైలరమ్మ ఉన్నట్టుండి.

"నేను రాసిందేగా," అంది ఆమె.

"రాయడం వేరు, చదువుకోవడం వేరు కదండీ," అని టైలరమ్మ కళ్ళు మూసుకుంది.

ఆమె తలుపు బయట 'లోపల విశ్రాంతి. తలుపు కొట్టకండి' అన్న బోర్డు తగిలించి వచ్చి, తన మోడా మీద కూర్చుని గోడకి ఆనుకుంది. ఎప్పుడూ చెప్పే మాట మళ్ళీ చెప్పింది. "నేను చెప్పేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు, లేవకూడదు." మొదటి ఏడాది ఒకావిడ మధ్యలో గభాల్న లేచి, కళ్ళు తిరిగి పడి, నుదురు చీరుకుంది. అప్పటినుంచీ అది ఆ గదిలో తిరుగులేని రూలు.

తెరల్లోంచి వచ్చే వెలుగు నేల మీద నీలంగా పరుచుకుంది. కిందెక్కడో నీళ్ళ మోటారు సన్నగా మోగుతోంది. ఆమె కాలివేళ్ళ దగ్గర మొదలుపెట్టింది. పిక్కలు. మోకాళ్ళు. నడుము. మాటలు ఒకదాని వెనక ఒకటి తమంతట తామే వస్తున్నాయి, ఆమె వాటిని పంపడం లేదు, వాటి వెనక నడుస్తోంది. భుజాలు. మీ భుజాలు దిగుతున్నాయి. ఇన్నాళ్ళూ ఎంత ఎత్తున పట్టుకున్నారో చూడండి. దించెయ్యండి. వాళ్ళవి దిగినట్టే ఆమెవీ దిగాయి. దవడలు వదులైపోయాయి. కనుబొమల మధ్య ముడి విడిపోయింది.

"ఇప్పుడు మీ ముందు పది మెట్లున్నాయి," అంది. "పది. కింద చల్లగా ఉంది. తొమ్మిది. ఎనిమిది. తొందరేం లేదు. ఏడు. మీ వెనక ఎవరూ రావడం లేదు. ఆరు. ఐదు. మీ చేతిలో ఏమీ లేదు, చూసుకోండి. నాలుగు. మూడు..."

మూడో మెట్టు కాస్త వెడల్పుగా ఉంది. అక్కడ నిలబడి చేతుల వంక చూసుకుంది. నిజంగానే ఏమీ లేదు. గరిటె లేదు, సంచీ లేదు, ఎవరి టిఫిన్ డబ్బా లేదు. చేతులు ఇంత తేలిగ్గా ఉంటాయా? మిగతా రెండు మెట్లూ ఎప్పుడు దిగిందో తెలియదు. తలుపు తీసింది. తొట్టి లేదు. తొట్టి ఉండాల్సిన చోట ఒక ఖాళీ బస్సుంది.

నాన్న బస్సు. నాన్న డ్రైవరు. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు బడి సెలవుల్లో డిపోకి తీసుకెళ్ళేవాడు. బస్సు కడగడానికి ముందు గంటసేపు షెడ్డులో ఖాళీగా ఉండేది. 'ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చో చిట్టీ' అనేవాడు. నలభై ఎనిమిది సీట్లు, అన్నీ తనవే. ముందొకటి, తర్వాత దాని వెనకది, తర్వాత కిటికీ పక్కది, మళ్ళీ అవతలివైపుది. ఎవరైనా ఎక్కుతారేమో, లేవాలేమో అన్న బెంగ లేదు. షెడ్డు రేకుల మీద వాన పడుతుండేది. ఈ సంగతి తను ఎలా మరిచిపోయింది? ఇన్నేళ్ళు ఎక్కడ పెట్టింది? ఆమె బస్సెక్కి, ఎడమవైపు నాలుగో వరసలో కిటికీ పక్కన కూర్చుంది. సీటు రెక్సీను చల్లగా తగిలింది. తల కిటికీకి ఆనించింది. నాన్న ఎక్కడో డిపోలో ఎవరితోనో నవ్వుతున్నాడు. వాన పడుతూనే ఉంది.

కళ్ళు తెరిచేసరికి నేల మీది నీలం వెలుగు గోడ మీదికి ఎక్కింది. పదకొండు చాపల్లో పది నిండుగా ఉన్నాయి, అందరూ కళ్ళు మూసుకుని కదలకుండా పడుకుని ఉన్నారు. ముందు వరసలో ఒక చాప ఖాళీ. టైలరమ్మ తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె లేవబోతే టైలరమ్మ పెదవుల మీద వేలు పెట్టింది.

"ఎంతసేపయింది?" అంది ఆమె మెల్లిగా.

"గంటా పది నిమిషాలు."

"నేను... నేను నిద్రపోయానా?"

"మూడు దగ్గర ఆగిపోయారు మేడమ్. సరేనని మేం కూడా ఆ మెట్టు మీదే కాసేపు ఆగాం. తర్వాత సన్నగా గురక వినిపించింది."

"గురక పెట్టానా!"

"పెద్దగా కాదులెండి. కుట్టుమిషన్‌కి కొత్తగా నూనె వేస్తే వస్తుందే, అంత చప్పుడు. నేనే రూలు తప్పి కళ్ళు తెరిచాను. మీ మొహం చూసి లేపబుద్ధి కాలేదు. అందరి చెవిలో చెప్పొచ్చాను, మేడమ్ పడుకుంది, ఎవరూ కదలకండి అని. నర్సు వచ్చి తలుపు నెట్టబోతే బోర్డు చదవడం రాదా అని పంపించేశాను."

అప్పుడు రెండో చాప మీంచి, కళ్ళు గట్టిగా మూసుకునే, లెక్కల మాస్టారు మెల్లిగా అడిగాడు.

"మేడమ్, ఇక కళ్ళు తెరవచ్చా?"

జీవితంలో పావుగంట కుదురుగా ఉండని మనిషి గంటా పది నిమిషాలు ఆమె కోసం అలా పడుకున్నాడు. ఆమె ముక్కు ఎగబీల్చి, "తెరవండి, అందరూ మెల్లిగా కళ్ళు తెరవండి," అంది. గదిలో ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ తమ చాప తామే చుట్టి మూలన నిలబెట్టారు. రోజూ ఆ పన్నెండు చాపలూ చుట్టేది ఆమే. నర్సు వచ్చి బీపీలు చూసింది, మళ్ళీ చూసింది. మిషన్ పాడైనట్టుందని ఇంకోటి తెచ్చి మూడోసారి చూసింది. అందరివీ దిగి ఉన్నాయి. మాస్టారిది అందరికంటే ఎక్కువ దిగింది.

అయినా సంగతి పైదాకా వెళ్ళకుండా ఉంటుందా? పెద్ద డాక్టరుగారి నుంచి పిలుపొచ్చింది. పొట్టి జుట్టు, పుల్లవిరుపు మాట, కళ్ళద్దాల మీంచి చూసే చూపు. ఆస్పత్రి మొత్తం ఆవిడంటే హడలిపోతుంది. ఆమె సంచీలోంచి కాగితం తీసి చేతిలో పట్టుకుంది. ఇంక అడగాల్సింది ఏముంది? సంతకం పెట్టి ఇచ్చేస్తే వాళ్ళకీ మర్యాద, తనకీ మర్యాద.

"పేషెంట్లు నిద్రపోతే వైద్యం," అంది డాక్టరుగారు. "మీరు నిద్రపోతే ఏమనాలమ్మా దాన్ని?"

"తప్పయిపోయింది మేడమ్."

"తప్పే. కాదని నేననడం లేదు." ఆవిడ సొరుగులోంచి ఒక ఫారం తీసి ముందుకు తోసింది. కొత్త పేషెంట్లు నింపే ఫారం. ఆ ఫారం తయారుచేసింది ఆమే. "మొదటి ప్రశ్న చదవండి."

"కంటినిండా చివరిసారి ఎప్పుడు నిద్రపోయారు?" ఆమె చదివింది.

"చెప్పండి."

ఆమె గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. కూతురు పుట్టకముందా? దానికీ ముందా? పెళ్ళికి ముందు ఒక ఆదివారం లీలగా గుర్తొచ్చింది గానీ అది నిజంగా జరిగిందో, జరిగి ఉంటే బాగుండునని తను అనుకుందో తేలలేదు. "ఇవాళ మధ్యాహ్నం," అంది చివరికి.

డాక్టరుగారు నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మిగతావి ఇంటికి తీసుకెళ్ళి నింపండి. సోమవారం నుంచి వారానికి రెండుసార్లు ఆ పన్నెండో చాప మీద మీరు పడుకుంటారు. ఎవరు చెబుతారంటారా? నేను చెబుతాను. నాకూ రావాలిగా. ఆ చేతిలో కాగితం ఏమిటి?"

"ఏం లేదు మేడమ్," అంది ఆమె. "ఇంటి కాగితం."

తిరుగు బస్సులో నిలబడే ఫారం చదివింది. ఐదో ప్రశ్న దగ్గర ఆగింది. 'మీ ఇంట్లో మీరు కూర్చునే చోటు ఏది?' తొమ్మిదేళ్ళుగా ఎన్ని వందల మందిని అడిగిందో ఈ ప్రశ్న. ఎంత మంది ఆడవాళ్ళు పెన్ను పట్టుకుని ఇక్కడే ఆగిపోయారో, తనకి ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. ఇంత తేలిక ప్రశ్నకి ఎందుకు ఆలోచిస్తారబ్బా అనుకునేది.

ఇంటికి వచ్చేసరికి ఆరున్నర. కాళ్ళు కడుక్కుని నేరుగా భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళి, నాలుగో కుర్చీలోంచి బట్టలన్నీ తీసింది. ఆయన చొక్కాలు ఆయన కుర్చీలో, అత్తగారి చీరలు అత్తగారి కుర్చీలో, యూనిఫారాలు కూతురి కుర్చీలో పెట్టింది. ఖాళీ అయిన కుర్చీ మీద దుమ్ము తుడిచి కూర్చుంది. ఎవరికీ ఏమీ వడ్డించకుండా, ఏమీ తరక్కుండా, ఊరికే.

"ఏమ్మాయ్, ఒంట్లో బాలేదా?" అంది అత్తగారు కంగారుగా.

"బాగానే ఉంది అత్తయ్యా. కూర్చున్నాను."

"ఎందుకూ?"

ఆమె కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలింది. అత్తగారు కాసేపు చూసి, తన కుర్చీలోని చీరల్ని చూసి, వాలుకుర్చీ వైపు కుంటుకుంటూ వెళ్ళింది. ఆ నడక చూస్తే ఆమెకి జాలి వేసింది. ఆ మోకాళ్ళు ఎవరి పనులు చేసి అరిగాయో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగాల్సింది తనే కావచ్చు. అడుగుతుంది కూడా, తన నోట్లో మాట తనకి దక్కితే.

ఏడింటికి ఆయన వచ్చాడు. కుర్చీలో బట్టలు చూశాడు. "ఇదేమిటి?"

"మీ చొక్కాలు."

"అది సరే, లెటర్ ఇచ్చేశావా?"

"లేదు."

"పోన్లే, రేపు..."

"రేపూ ఇవ్వనండీ," అంది ఆమె. క్లాసులో వినిపించే గొంతే అది, మొదటిసారి ఈ ఇంట్లో వినిపించింది. "అత్తయ్య ఆపరేషన్‌కి నేను పది రోజులు సెలవు పెడతాను. మీకు ఇరవై రెండు రోజులున్నాయి, వాడుకోకపోతే మురిగిపోతాయని పోయిన నెల మీరే అన్నారు. అవి మీరు పెట్టండి."

ఆమె సెలవులూ ఆయన సెలవులూ ఒకే వాక్యంలో పక్కపక్కన నిలబడటం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. ఆయన నుదురు నొక్కుకుంటూ సోఫాలో వాలాడు. "ఇప్పుడా గొడవంతా ఎందుకోయ్? తల పగిలిపోతోంది. ముందు మొదలుపెట్టు, తర్వాత మాట్లాడుకుందాం."

ఆమె తన కుర్చీని హాల్లోకి తెచ్చుకుని వాళ్ళకి ఎదురుగా వేసుకుంది. "సరే. ఇవాళ సరిగ్గా చేద్దాం. నేను చెప్పేదాకా కళ్ళు తెరవకూడదు, లేవకూడదు. ఆస్పత్రిలో రూలు అది."

"అలాగేలే," అన్నాడాయన కళ్ళు మూసుకుంటూ. కాలివేళ్ళు, పిక్కలు, నడుము. భుజాల దగ్గరికి వచ్చేసరికి హాయిగా నిట్టూర్చాడు. "ఇవాళ ఆ కుక్కర్ గోల కూడా లేదు. ఎంత ప్రశాంతంగా ఉందో!"

కుక్కర్ గోల లేకపోవడం అంటే ఏమిటో ఆయనకి ఇంకా తట్టలేదు.

"మీ ముందు పది మెట్లున్నాయి," అంది. తొమ్మిది. ఎనిమిది. కిటికీ బయట వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. అత్తగారి నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆయన కనుబొమలు విడిపోయాయి. ఎంతైనా తన పని తనకి బాగా వచ్చు. "నాలుగు," అంది మెత్తగా. "మూడు."

అక్కడ ఆగి, లేచింది. చెయ్యకపోతే ఏమవుతుంది?

సంచీలోంచి రాజీనామా కాగితం తీసి వెనక్కి తిప్పింది. ఆ వైపు తెల్లగా ఉంది. కూతురి బల్ల మీది లావు స్కెచ్ పెన్ను తీసుకుని పెద్ద అక్షరాలతో 'లోపల విశ్రాంతి. తలుపు కొట్టకండి' అని రాసింది. హోంవర్కు చేసుకుంటున్న కూతురు ఆ కాగితాన్నీ, హాల్లో కళ్ళు మూసుకున్న ఇద్దరినీ, అమ్మ మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"టేపు కావాలా అమ్మా?" అంది గుసగుసగా.

కావాలని తలూపింది. ఇద్దరూ కలిసి పడకగది తలుపు మీద ఆ కాగితం అంటించారు. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మంచానికి ఒక పక్కన ముడుచుకోవడం అలవాటు, ఇవాళ మధ్యలో పడుకుంది. కాళ్ళు చాపింది, చేతులు చాపింది, ఏ అంచూ తగల్లేదు. నాలుగు లెక్కపెట్టి పీల్చింది, ఆరు లెక్కపెట్టి వదిలింది. రెండు. ఒకటి.

చాలాసేపటి తర్వాత ఎక్కడో దూరంగా, మెట్ల పైనుంచి, ఒక గొంతు వినిపించింది.

"ఏమోయ్... ఇక కళ్ళు తెరవచ్చా?"

"అప్పుడే కాదు నాన్నా," అంది కూతురు. "అమ్మ చెప్పేదాకా ఉండాలి."

చెప్పాల్సిన మనిషి ఖాళీ బస్సులో, నాలుగో వరసలో, కిటికీ పక్కన కూర్చుని ఉంది.